ఫిబ్రవరి ఇరవైన పుట్టినవాడు

కాలం దేవుడి చేతిలో ఉందని జనం అనుకుంటారు. పొరపాటు. కాలం ఏథెన్సులో, మాస విశేషాల విభాగం అధిపతి గారి బల్ల సొరుగులో ఉంటుంది. (తాళంచెవి ఉపాధిపతి దగ్గర ఉంటుంది. ఉపాధిపతి సెలవులో ఉంటాడు.)

పంతొమ్మిది వందల ఇరవై మూడు ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ సొరుగు తెరిచి, తక్కిన యూరప్‌తో సమానంగా నడవాలని చెప్పి, పదమూడు రోజులు తీసి అవతల పారేసింది. పదిహేనో తేదీన పడుకున్న గ్రీసు దేశం మార్చి ఒకటిన నిద్ర లేచింది. చర్చి మాత్రం ససేమిరా అంది. పాత లెక్కే దేవుడి లెక్క అని, పదహారు, పదిహేడు అనుకుంటూ తన దారిన తను పోయింది. అంచేత ఈ కథ జరిగిన ద్వీపంలో ఉపవాసానికి ఒక తేదీ, పన్నుకి ఇంకో తేదీ.

ఈ గొడవ ఆ ద్వీపంలోని మరూసోకి మొదట పట్టలేదు. ఆవిడ నిండు చూలాలు. మొగుడు కిందటి వేసవి మొదట్లో సెలవు మీద వచ్చి, మళ్ళీ అనటోలియాకి, తురుష్కుల మీద యుద్ధానికి వెళ్ళాడు. వేసవి చివర ఓడలు తిరిగొచ్చాయి. అతను రాలేదు.

సర్కారు లెక్కన మార్చి అయిదున మరూసోకి కొడుకు పుట్టాడు. చర్చి పూజారి పాపా అనస్తాసిస్ ప్రార్థన చదవడానికొచ్చి, గడ్డం సవరించుకుని, "శుభం తల్లీ, ఫిబ్రవరి ఇరవై," అన్నాడు.

"సర్కారుకి ఆ రోజు లేదటగా పాపా?"

"సర్కారుకి లేకపోతే దేవుడికీ లేకుండా పోతుందా?" అని ఆయన కసిరాడు.

మరూసో ఆ పూటంతా పిల్లాడి మొహం చూస్తూ ఆలోచించింది. సర్కారు దగ్గర లేని రోజున పుట్టినవాణ్ణి సర్కారు ఎలా లెక్కపెడుతుంది? లెక్కలో లేనివాణ్ణి యుద్ధానికి ఎలా పిలుస్తుంది? మొగుడు పోయాక మొదటిసారి ఆవిడకి కడుపునిండా అన్నం సయించింది.

బాలింత నలభై రోజులూ గడప దాటకూడదు కనుక, పురపాలక గుమస్తా ప్రోకోపిస్‌కే కబురు పెట్టింది. మరూసో పెళ్ళిలో దంపతుల తలల మీద కిరీటాలు మార్చినవాడు అతనే. అంటే కుంబారోస్, తోడబుట్టినవాడితో సమానం. పిలిస్తే రాక తప్పదు.

ప్రోకోపిస్ వచ్చాడు గాని, అతని ప్రాణం అతనికే బరువుగా ఉంది. ప్రతి నెలా ప్రపంచ విశేషాలు, స్థానిక జననాలు, మరణాలు రోజువారీగా గళ్ళలో నింపి ఏథెన్సుకి పంపాలి. ఫారాలు ముందే అచ్చయ్యాయి కనుక ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది గళ్ళూ ఉన్నాయి. ఏ గడీ ఖాళీగా ఉండరాదని ఏడో నిబంధన. (ఉంచిన గుమస్తాని మేకలు మాత్రమే ఉండే ద్వీపానికి బదిలీ చేస్తారని ఎనిమిదో నిబంధన.) ప్రపంచ విశేషాలకి ఇబ్బంది లేదు. పరదేశి పత్రికల ప్రకారం పదహారున ఈజిప్టులో పాతకాలపు రాజు సమాధి గది తెరిచారు. ఎముకలకి ఫొటో తీసే కిరణాలు కనిపెట్టిన జర్మను ఆచార్యుడు పదిన పోయాడు. ద్వీపం లెక్కన ఆయన జనవరిలోనే పోయినట్టు. పండితుడు రెండు నెలల్లో రెండుసార్లు పోవడం మర్యాద కాదని ప్రోకోపిస్ ఫిబ్రవరి చావునే ఖాయం చేశాడు. చిక్కల్లా జననాలతోనే.

"కుంబారె, నా కొడుకుని ఫిబ్రవరి ఇరవైన రాయి," అంది మరూసో.

"ఆ రోజు లేదమ్మా."

"నీ కాగితంలో గడి ఉందా, లేదా?"

"గడి ఉంది. రోజే లేదు."

"అయితే ఖాళీగా పంపుతావా? వెళ్ళు మరి, మేకల్ని అడిగానని చెప్పు."

ప్రోకోపిస్ ఫారం విప్పి మళ్ళీ మడిచాడు. "రేపు బళ్ళో అడుగుతారు, పెళ్ళికి అడుగుతారు. వీడు అవస్థ పడతాడే."

"పడనీ. ఇరవై ఏళ్ళొచ్చాక బూట్లు టకటకలాడిస్తూ వచ్చి అడిగేవాళ్ళున్నారే, వాళ్ళకి దొరక్కపోతే నాకు చాలు. వీడి నాన్న తేదీ వాళ్ళ దగ్గర భేషుగ్గా ఉంది. ఏం లాభం?"

ప్రోకోపిస్ పిల్లాడి వంక చూశాడు. అచ్చం వాళ్ళ నాన్న ముక్కే. కలం తీసి రాసేశాడు.

వార్త ఊరంతా పాకింది. లేని రోజుల్లో పుట్టిన పిల్లలు ఉన్న రోజుల్లో పుట్టినవాళ్ళని మించిపోయారు. కప్తాను భార్య అయితే పరుగులు పెడుతున్న పిల్లాణ్ణి చంకన పెట్టుకొచ్చి, ఫిబ్రవరి ఇరవై నాలుగు గడిలో చోటుందా అని అడిగింది. ముసలి అసిమీనా తన చావుని ముందుగానే రాసుకోమంది, కాకపోతే పన్నులవాడికి తప్పకుండా తెలియజేయాలని షరతు పెట్టింది. విభాగం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. గళ్ళన్నీ నిండాయట. (గళ్ళలో ఏముందో చూసేది వేరే విభాగం. అది ఇంకా ఏర్పడలేదు.)

మరూసో కొడుక్కి తండ్రి పేరే పెట్టింది, స్తమాటిస్ అని. పదిహేడేళ్ళు నిశ్చింతగా నిద్రపోయింది.

మళ్ళీ యుద్ధం వచ్చింది. దాని వెనకే, సొంత దేశంలో సొంతవాళ్ళ మధ్య ఇంకోటి వచ్చింది. ఒక ఉదయం జవాను తలుపు కొట్టి కాగితం చదివాడు: "స్తమాటిస్, జననం ఫిబ్రవరి ఇరవై, పంతొమ్మిది వందల ఇరవై మూడు."

"ఆ రోజు లేదు నాయనా," అంది మరూసో. "ఎవరినైనా అడుగు."

"మాకు అన్ని రోజులూ ఉంటాయమ్మా," అన్నాడు జవాను, మర్యాదగానే.

రెండేళ్ళకి స్తమాటిస్ ఒంటికాలితో తిరిగొచ్చాడు. బతికొచ్చాడు, అదే పదివేలని మరూసో వాణ్ణి కావలించుకుని ఏడ్చింది. గాయపడిన సైనికుల భృతి కోసం తల్లీ కొడుకులు దరఖాస్తు పెట్టారు. ఎట్టకేలకు ఏథెన్సు నుంచి జవాబు వచ్చింది. కాలు పోయిన మాట వాస్తవమేనని విభాగం సంతాపపూర్వకంగా అంగీకరిస్తున్నది, అయితే సదరు జనన తేదీ ఈ దేశంలో జరగలేదు కనుక, కాలు పోగొట్టుకున్న వ్యక్తి ఇంకా పుట్టవలసి ఉన్నది.