టోచన్ రాడ్డు గుర్తింపు కమిటీ

మన ప్రాంత ప్రజల వీరత్వానికి గుర్తుగా ఒక లారీని నిలబెడతామని 1973లో మంత్రిగారు ప్రకటించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి, డిస్పోజల్ వేలంలో గోదావరిఖని చేరి, ఒక షెడ్డు వెనుక కోళ్ళకు నీడనిస్తున్న మిలిటరీ లారీ అది. చౌరస్తాలో సిమెంటు దిమ్మె కట్టి దాన్ని ఎక్కించాలి. సామాను మాత్రం అంతా అసలుదే ఉండాలి.

అన్నీ ఉన్నాయి, టోచన్ రాడ్డు లేదు. అంటే ఆగిపోయిన బండిని ఇంకో బండికి తగిలించి లాగే ఇనుప రాడ్డు. దాన్ని గుర్తించడానికి ప్రభుత్వం శేషావతారం గారిని ప్రత్యేకాధికారిగా పంపింది. ఆయన అంతకుముందు చేపల శాఖలో ఉండేవారు కనుక ఏ పక్షపాతమూ లేకుండా పని మొదలుపెట్టారు. కమిటీలో ఆయన, బర్మా యుద్ధంలో రొట్టెలు కాల్చిన మాజీ సైనికుడు ఆగయ్య, రాసుకోవడానికి నేను.

చుట్టుపక్కల మిలిటరీ టోచన్ రాడ్డు ఒక్కటే ఉంది, మెకానిక్ ఇస్మాయిల్ దగ్గర. ఇరవై ఏళ్ళుగా దాన్ని తన పాత లారీకి తగిలించి, ఆగిపోయిన బండ్లను లాగి బతుకుతున్నాడు. అసలుదని తేలితే రాడ్డు దిమ్మె మీదికి పోతుంది.

"ఇది నకిలీది సార్," అన్నాడు ఇస్మాయిల్.

"అసలుది ఉన్నవాడే నకిలీ అంటాడు. రాసుకోండి," అన్నారు ఆఫీసర్ గారు.

"అయితే అసలుదే సార్."

"యజమాని ఒప్పుకున్నాడు. అది కూడా రాసుకోండి."

ఇంత సూటి విచారణ నేనెక్కడా చూడలేదు.

మూడో రోజు ఇస్మాయిల్ ఇంకో రాడ్డు తెచ్చాడు. అది కమ్మరి సదయ్య చేత నీళ్ళ పైపుతో చేయించి, ఆకుపచ్చ రంగు పూయించి, 1942 అని కొట్టించినది. ఆఫీసర్‌కు ఇనుము తెలువది, రంగు తెలుస్తదని అతని భార్య సుగ్రా బీ సలహా ఇచ్చిందట. అసలుది ఇదేనని, అటక మీద దొరికిందని, తన బండికున్న ఆ మసి రాడ్డు తన సొంత తయారీ అని ఇస్మాయిల్ విన్నవించుకున్నాడు.

ఆఫీసర్ గారు రెంటినీ పక్కపక్కన పెట్టించారు. సైన్యంలో అంత మురికిని సహిస్తారా అని ఆగయ్యను అడిగారు. ఆగయ్య రంగు రాడ్డుకు నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"ఏంది కాకా, గది పైపే గదా?" అని చెవిలో అడిగాను.

"నేను కొట్టింది ఇస్మాయిల్ ఇంట్ల పొయ్యికి, బిడ్డా."

ఫైలు తయారైంది. దిమ్మె మీద ఉండేది అసలుది, ఇస్మాయిల్ దగ్గర ఉండేది నకిలీ. నకలు కాగితం ఇస్తే ఇస్మాయిల్ కళ్ళకద్దుకున్నాడు.

ప్రారంభోత్సవం పదకొండింటికి. మంత్రిగారు కాబట్టి మూడింటికి వస్తారని లెక్క వేసుకున్నాం. లారీని దిమ్మె ఎక్కించడానికి గుర్తింపు పొందిన రాడ్డును ఇస్మాయిల్ బండికి తగిలించాం. మొదటి గుంజుకే అది తోటకూర కాడలా వంగింది.

ఆఫీసర్ గారు చలించలేదు. "నకిలీది తగిలించు. లాగడానికే కదా, గుర్తింపుకు కాదు."

నకిలీది లారీని ఎక్కించింది. ఇస్మాయిల్ తన బండిని విడదీసి, దిమ్మె మీది లారీ నుంచి రాడ్డు బోల్టులు విప్పుతుండగా మంత్రిగారు దిగారు, సరిగ్గా పదకొండింటికి. ఆయన జీవితంలో అటువంటిది జరగలేదు. మా దగ్గర అందుకు ఏర్పాట్లు లేవు. ఆయన నేరుగా రాడ్డుకు దండ వేసి, ఇస్మాయిల్ భుజం మీద చెయ్యి పెట్టి ఫోటో దిగి, బర్మా దాకా లాగిన ఈ రాడ్డును ఇక ఎవరూ కదిలించరాదని ఆజ్ఞాపించారు.

చప్పట్లు తగ్గాక ఇస్మాయిల్ పక్కన పడి ఉన్న వంగిన పైపును తీసుకుని ఆఫీసర్ గారి దగ్గరికి వచ్చాడు. "సార్, గది నాది. రేపు పొద్దుగాల బండ్లు ఎట్ల లాగాలె? ఇంట్ల ఏం తినాలె?"

ఆఫీసర్ గారు ఓపికగా ఫైలు తెరిచారు. "దిమ్మె మీదిది అసలుది. నీ దగ్గరిది నకిలీ. ఇందులో ఒక్క తప్పు చూపించు."

ఇస్మాయిల్ దిమ్మె వైపు చూశాడు. తన చేతుల్లోని వంగిన పైపు వైపు చూశాడు. నేనూ చూశాను.

"లేదు సార్," అన్నాడు.

మా ఆఫీసులో అంత నికరమైన ఫైలు మరొకటి లేదు.

అంతలో మంత్రిగారి కారు స్టార్ట్ కాలేదు. జల్ది లాగమని ఇస్మాయిల్‌ను అందరూ పిలిచారు. అతను పైపును కొంచెం పైకెత్తి చూపించాడు. ఆఫీసర్ గారూ, ఆగయ్యా, నేనూ కారును రైల్వే గేటు దాకా నెట్టాం. ఇస్మాయిల్ మాత్రం నెట్టలేదు. అతని రెండు చేతుల్లోనూ నకిలీ ఉంది.