సిగరెట్ మానేసిన దర్జీ

కొత్త సంవత్సరం ఆరాధనలో పాస్టరుగారు తలా ఒక చీటీ పంచేసరికి రేపు మాస్టారి గుండె గుభేలుమంది.

ఆయన దర్జీ. చేతిలో బ్రహ్మాండమైన పనితనం, నోట్లో మాత్రం ఒక్కటే మాట: "రేపు రండి." పెళ్లికని ఇచ్చిన కోటు మొదటి బిడ్డ నడక నేర్చేనాటికి అందేది. అందుకే ఆ పేరు.

"ఈ ఏడాది మానుకోవలసిన అలవాటు ఒక్కటి రాయండి. దేవుడికి ఇస్తున్న మాట సుమా! ఔనంటే ఔనే కావాలి" అన్నారు పాస్టరుగారు.

భార్య మాస్టారిని ఓరకంట చూసింది కానీ పెదవి కదపలేదు. అదే వింత. పదహారేళ్లుగా ఈ విషయంలో ఆవిడ నోరూ ఆయన కుట్టుమిషనూ పోటీపడి మోగుతూనే ఉన్నాయి. చాలాసార్లు నోరే గెలిచేది.

దేవుడికిచ్చిన మాట తప్పితే పాపం. తప్పడానికి వీలే లేని మాట ఇస్తే? మాస్టారు ముసిముసిగా నవ్వుకుంటూ రాశాడు: "ఇకమీదట సిగరెట్ ముట్టను."

ఆయన పుట్టి బుద్ధెరిగి సిగరెట్ ముట్టలేదు. పొగ కనిపిస్తేనే దగ్గు. పామూ చచ్చింది, కర్రా విరగలేదు అనుకుంటూ చీటీ మడిచాడు.

"ఇప్పుడు మీ చీటీ పక్కవారికివ్వండి. వాళ్లు పైకి చదివి మీకోసం ప్రార్థిస్తారు."

భార్య తన చీటీ ఆయన చేతిలో పెట్టి, ఆయనది లాక్కుంది. మొదటి వరుస కదా, మొదటి వంతు ఆవిడదే. లేచి, బడిపిల్లలా స్పష్టంగా చదివింది.

మందిరంలో తలలన్నీ మాస్టారి వైపు తిరిగాయి. వెనక వరుసలోంచి అత్తగారు లేచారు.

"అల్లుడుగారూ! ఎన్నాళ్లనుంచి?"

"అయ్యో, నేను తాగనండీ!"

"తాగేవాళ్లంతా అనే మాటే అది" అన్నాడు పక్కింటి డ్రైవరు. "నా ప్యాంటుకి చిల్లెలా పడిందో ఇప్పుడర్థమైంది!"

"అది ఇస్త్రీపెట్టె కాల్చింది బాబూ!"

"అలాగా! మరి ఎలుక కొరికిందన్నావేం?"

పాస్టరుగారు మెల్లగా అడిగారు. "తాగనివాడివి ఏం మానేస్తున్నావు నాయనా?"

తేలు కుట్టిన దొంగలా మాస్టారు భార్యకేసి చూశాడు. ఆవిడ కళ్లలో కోపం లేదు, ఎదురుచూపుంది. కోపమైతే ఆయనకు అలవాటే. ఎదురుచూపుకే తట్టుకోలేకపోయాడు.

"దేవుణ్ణే మోసం చెయ్యబోయానండీ. నేను మానాల్సింది... రేపనడం. ఇక అనను. ఆయనే సాయం చెయ్యాలి."

"ఆమెన్!"

అంత గట్టి ఆమెన్‌ని ఆ పైకప్పు ఎన్నడూ వినలేదు. అన్నవాళ్లలో సగం మంది బట్టలు ఆయన దగ్గరే ఉన్నాయి మరి.

మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు బారు తీరారు. పదకొండోవారు పాస్టరుగారే.

"ఈస్టరుకని ఒక అంగీ ఇచ్చాను నాయనా. ఏ ఈస్టరో అడక్కు."

అలవాటుగా "రే..." అని నోరు తెరిచాడు మాస్టారు. బారులో మెడలన్నీ ముందుకు సాగాయి.

"రే... రెండు గంటల్లో ఇస్తానండీ!"

ఇచ్చాడు కూడా! అది చూసి జనానికి ధైర్యమొచ్చింది. ఎప్పుడో ఆశ వదులుకున్నవాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు. భార్య కాజాలు కుట్టింది. అత్తగారు అల్లుడి వాసన రెండుసార్లు చూసి, పొగ లేదని తేల్చుకుని, గుండీలు కుట్టే పని పట్టారు. డ్రైవరు ఇస్త్రీపెట్టెను తనే లాక్కున్నాడు, ముందు జాగ్రత్తగా.

శనివారం మధ్యాహ్నానికి బీరువా అడుగు కనిపించింది. ఎప్పుడో పోయిందనుకున్న కత్తెరా, దాని కింద ఒక నీలం జాకెట్టు గుడ్డా దొరికాయి.

"ఇదెవరిదే?"

"నాదే. ఇచ్చి మూడేళ్లయింది."

మాస్టారు గుడ్డ మీది దుమ్ము దులిపాడు. "ఎప్పటికి కావాలి?"

"రేపటికి" అంది ఆవిడ.

ఆదివారం మందిరం ధగధగలాడింది. పాస్టరుగారు కొత్త అంగీలో, డ్రైవరు చిల్లు లేని ప్యాంటులో, భార్య నీలం జాకెట్టులో. మాస్టారు మొదటిసారి ఎవరి కంటా పడకుండా నక్కే పని లేకుండా తలెత్తుకు నడిచాడు.

కూర్చుంటూ జేబు తడుముకుంటే భార్య చీటీ తగిలింది. ఆవేళ గోలలో చదవనే లేదు. విప్పాడు.

"ఈ ఏడాది ఆయన మీద సణగను. చెప్పేదేదో దేవుడితోనే చెప్పుకుంటాను."

మాస్టారు తల గోక్కున్నాడు.

"ఎంత పని చేశావే! నాతో అంటే నువ్వొక్కదానివే వెంటపడేదానివి. దేవుడైతే సంఘం మొత్తాన్నీ పంపాడు!"

భార్య జాకెట్టు చెయ్యి సవరించుకుంది.

"కొలతలు చక్కగా కుదిరాయండీ" అంది.