టాప్‌స్కాట్ కుండ ఉడికిన పూట

ఆ బుధవారం ఉదయం జోసయా టాప్‌స్కాట్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. ఏడింటికి పొయ్యి రాజేయాలి. పదింటికి బఠానీలు ఉడకాలి. పదకొండింటికి బజారుకు వెళ్లి ఓటు వేసి రావాలి. నలభై ఏళ్లుగా చుక్క నీరు కారని పీపాలు చేస్తున్న తనకు ఒక కుండ ఉడికించడం పెద్ద పనేమీ కాదని అతని నమ్మకం.

కూమ్‌బరీలో ఓటు పొలాన్ని బట్టి రాదు, చదువును బట్టి రాదు. సొంత పొయ్యి మీద సొంత కుండ ఉడికించుకునే మగవాడు ఓటరు. అంతే. ఆ లెక్కన జోసయా ఇప్పటికి తొమ్మిది ఎన్నికల్లో ఓటు వేశాడు. కుండ ఉడికించింది అతని భార్య థామసిన్ అయినా ఆ సంగతి ఎవరూ అడగలేదు. కిందటి చలికాలంలో థామసిన్ పోయింది. అప్పటినుంచి జోసయా ఎదురింట్లో కూతురి దగ్గర తింటూ, రాత్రికి తన ఇంటికి వచ్చి పడుకుంటున్నాడు. పదకొండు నెలలుగా ఆ పొయ్యిలో నిప్పు లేదు.

ఆ సంగతి కెప్టెన్ బెల్లమీ తరఫు లాయరు ఫేన్ పసిగట్టాడు. ఆ ఏడు కూమ్‌బరీలో ఒక పార్లమెంటు సీటుకు కెప్టెన్‌కీ, సర్ జర్వస్ ట్రెంచ్‌ఫీల్డ్ దొరకీ గట్టి పోటీ. టాప్‌స్కాట్‌లు తాతల కాలం నుంచీ దొరవారి మనుషులు. కాబట్టి ఈ ఓటు కొట్టేయాలని మంగళవారం ఫేన్ అభ్యంతరం లేవదీశాడు. ఎన్నిక జరిపించే అధికారి క్లెమెంట్ బడ్జ్ పెద్దమనిషి. గడ్డం నిమురుకుని తీర్పు చెప్పాడు. బుధవారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోగా జోసయా తన పొయ్యి మీద తన చేత్తో కుండ ఉడికించి చూపితే ఓటు ఉంటుంది. లేదంటే పేరు కొట్టేస్తారు.

తీర్పు విని కూతురు ప్రూడెన్స్ తండ్రి దగ్గర మాట తీసుకుంది. "ఓటు పోతే ఈ ఇంటికి తాళం పెట్టేసి మా ఇంటికి వచ్చేయాలి నాన్నా. నువ్వొక్కడివే ఈ చీకటి గదిలో ఉంటే చూడటం నా వల్ల కాదు."

"పోతే వస్తాలే," అన్నాడు జోసయా. థామసిన్ కుర్చీ ఉన్న ఇల్లు అది. దాన్ని వదిలి వెళ్లే ఉద్దేశం అతనికి లేదు. అయినా పోయేది ఎలాగూ లేదు కాబట్టి ధైర్యంగా మాట ఇచ్చాడు.

బుధవారం ఏడింటికి లాయరు ఫేన్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్లో కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. కూతురు చేయి వేయకుండా చూడటం అతని పని. ప్రూడెన్స్ వీధిలో నిలబడి, అతని భుజం మీదుగా లోపలికి చూసింది.

"నాన్నా, రాత్రి బఠానీలు నానబోశావా?"

"దేనికే? ఉడికేది నీళ్లలోనేగా. అక్కడే నానుతాయి."

"ఎన్ని పోశావు?"

"కుండకు పట్టినన్ని."

"అయ్యో..." అని ప్రూడెన్స్ నోరు మూసుకుంది. సలహా చెబితే తండ్రి గెలుస్తాడు. చెప్పకపోతే బఠానీలు పాడవుతాయి. ఆమెకు రెండూ ఇష్టం లేదు.

"అమ్మాయి 'అయ్యో' అంది. ఇది సలహా కిందికి వస్తుందా?" అని ఫేన్ తనలో తాను అనుకుంటున్నట్టు పైకే అని, రాసుకున్నాడు.

"నిట్టూర్చినా రాసుకుంటావా అయ్యా? తుమ్ము వస్తోంది, దానికి కూడా ఒక గీత గీసుకో," అంది ప్రూడెన్స్.

జోసయా థామసిన్ ఏప్రాన్ కట్టుకున్నాడు. నాడాలు అతని నడుము చుట్టూ అందలేదు. ఒక తాడు ముక్కతో కలిపి ముడి వేశాడు. ఇనప కుండను కొక్కేనికి తగిలించి, చెమ్మ పట్టిన కట్టెలతో కుస్తీ పట్టి తొమ్మిదింటికి ఎలాగో కింద నిప్పు రాజేసి, చేతులు దులుపుకున్నాడు.

అతను లెక్కలోకి తీసుకోనివి పైన పొగగొట్టంలో ఉన్నాయి. వేసవిలో పొయ్యి చల్లగా ఉండటం చూసి కాకులు అందులో గూడు పెట్టాయి. పొగ పైకి వెళ్లి, గూడును తాకి, దారి లేక తిరిగి వచ్చింది. పావుగంటలో గది నిండింది. అరగంటలో కిటికీలోంచి, తలుపులోంచి, పైకప్పు సందుల్లోంచి నల్లగా బయటికి వచ్చింది. ఫేన్ దగ్గుతూనే కుర్చీలో కూర్చున్నాడు. చూడటానికి వచ్చినవాడికి కళ్లు మాత్రం తెరుచుకోలేదు.

పక్కింటి నేతగాడు ఒబడయా మగ్గం మీద నుంచి లేచి వీధిలోకి పరుగెత్తాడు. "టాప్‌స్కాట్ ఇల్లు అంటుకుందిరోయ్!"

ఈ కేక బజారులో ఓట్లు పడుతున్న చోటికి చేరేసరికి కొంచెం పెరిగింది. టాప్‌స్కాట్‌ను ఇంట్లో పెట్టి తగలబెడుతున్నారని ఒకడన్నాడు. ఎవరు పెట్టారో రెండు పక్షాల వాళ్లకూ వెంటనే తెలిసిపోయింది. అవతలి పక్షం వాళ్లే.

"ఓటు కొట్టేయలేక మనిషినే కొట్టేస్తున్నారా?"

"మీ ముసలాణ్ని మీరే కాల్చి మా మీద తోస్తారా?"

బడ్జ్ పెద్దమనిషి ఓట్ల పుస్తకం చంకలో పెట్టుకుని, "ఎన్నిక ఆపాను! ఎన్నిక ఆపాను!" అని అరిచాడు. అప్పటికి చెరో యాభై ఎనిమిది ఓట్లు పడ్డాయి. ఊరంతా తోలు బాల్చీలు పట్టుకుని టాప్‌స్కాట్ ఇంటికి పరుగెత్తింది. మంటలు ఆర్పుతూ ఓటర్ల కంట పడే అవకాశం మళ్లీ రాదు కాబట్టి సర్ జర్వస్ దొరవారు తానే ఒక బాల్చీ అందుకున్నారు.

గుమ్మంలో కూర్చున్న ఫేన్ మీద మొదటి మూడు బాల్చీలు పడ్డాయి. నాలుగో గుంపు అతన్ని కుర్చీతో సహా వీధి అవతలికి మోసుకుపోయింది. దొరవారు పొగలోకి దూకి, ఎర్రగా కనిపించిన ఒకే ఒక్క చోటును గురి చూసి బాల్చీ కుమ్మరించారు. గురి తప్పలేదు. పొయ్యి బుస్సుమని ఆరిపోయింది.

"ఆరిపోయింది!" అని దొరవారు గుమ్మంలోకి వచ్చి జనానికి తల వంచారు. జనం కేరింతలు కొట్టారు.

"అది నా పొయ్యి దొరా," అన్నాడు లోపలి నుంచి జోసయా.

"నీ ఇల్లు దక్కించాను టాప్‌స్కాట్. కృతజ్ఞతలు తర్వాత చెబుదువుగానిలే."

ఇంతలో ఇంటి మీదికెక్కిన ఒబడయా పొగగొట్టంలో గెడ పెట్టి పొడిచాడు. గూడు, దానితో పాటు నలభై ఏళ్ల మసి, ఒక్కసారిగా కిందికి దిగి గుమ్మం దాకా ఎగిరిపడ్డాయి. దొరవారి తెల్లని విగ్గు నల్లగొర్రెలా తయారైంది. కుండకు మూత ఉండబట్టి బఠానీలు బతికాయి. పొగ పోయింది. ఇల్లు ఎక్కడా అంటుకోలేదని అందరూ చూశారు. కొంతమంది కాస్త నిరాశపడ్డారు.

జనం మళ్లీ బజారుకు మళ్లారు. లాయరు ఫేన్ పొడి బట్టల కోసం సత్రానికి వెళ్లాడు. జోసయా తడిసి ముద్దయిన కట్టెల ముందు కూర్చున్నాడు. అప్పటికి పది దాటింది. నిప్పు రాజేయడానికి ఇంట్లో పొడి పుల్ల ఒక్కటి లేదు. అతనికి ఆ ఉదయం మొదటిసారిగా చలి వేసింది.

కెప్టెన్ బెల్లమీ ఆలస్యంగా వచ్చాడు. కుంటికాలు కావడంతో నడక నెమ్మది. అప్పటికి బాల్చీలన్నీ అయిపోయాయి. ఇక చేయదగ్గ మంచిపని ఏముందా అని చుట్టూ చూస్తే వణుకుతున్న ముసలాయన ఒక్కడే కనిపించాడు. ఆ ముసలాయన ఎవరో, తన లాయరు పొద్దుటి నుంచి ఎవరి గుమ్మంలో కూర్చున్నాడో అతనికి తెలియదు.

"ఏం పెద్దాయనా, చలిజ్వరం తెచ్చుకుంటావా?" అని, తన మనుషులవైపు తిరిగి, "సత్రం నుంచి పొడి కట్టెలు రెండు మోపులు తెచ్చి ఈ పొయ్యి రాజేయండర్రా," అన్నాడు. "ఆ కుండేమిటి?"

"బఠానీలండీ. ఉడకాలి."

"ఉడుకుతాయిలే. వేడిగా ఏదైనా తిను," అని కెప్టెన్ కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

కొత్త మంటకు బఠానీలు ఉబ్బడం మొదలుపెట్టాయి. మూత లేచింది. జోసయా సగం తీసి సూపు గిన్నెలో పోశాడు. కుండలోవి మళ్లీ లేచాయి. పాలకుండలో పోశాడు. ఆ తర్వాత కొలత గిన్నె, చివరికి తన టోపీ. ఈ హడావుడిలో ఉప్పు వేశానా లేదా అని అనుమానం వచ్చి వేశాడు. మళ్లీ అదే అనుమానం వచ్చి మళ్లీ వేశాడు. వంటలో థామసిన్ ఏదో ఆకు తుంచి వేసేదని గుర్తొచ్చింది. దూలానికి ఎండిన ఆకుల కట్ట వేలాడుతోంది. ఆమె చేత్తో కట్టిన ముడి. జోసయా కాసేపు దాన్ని చూసి, విప్పకుండా, మొత్తం కట్టనూ కుండలో వేశాడు.

పన్నెండుకు పావుగంట ఉండగా ఫేన్ పొడి కోటుతో, తడి కోపంతో తిరిగి వచ్చాడు. వెంట బడ్జ్ పెద్దమనిషి. ఓట్లు అరవై ఒకటికి అరవై ఒకటి. ఊళ్లో ఓటు వేయనివాడు ఇంకొక్కడే మిగిలాడని తెలిసి దొరవారు కూడా నల్లని విగ్గుతో వచ్చారు. వాళ్ల వెనక ఊరు.

కుండ ఉడుకుతోంది. బడ్జ్ చెవి ఒగ్గి విన్నాడు. "కుతకుతమంటోంది," అని ప్రకటించాడు.

"ఉడికితే చాలదు," అన్నాడు ఫేన్. "నేను గంటన్నర సేపు ఇక్కడ లేను. ఆరిపోయిన పొయ్యి ఎలా వెలిగింది? ఈ కట్టెలెవరివి?"

"మీ కెప్టెన్ గారివేనండి," అన్నాడు జోసయా.

ఫేన్ కాగితాలు తిరగేశాడు. తడబడకుండా ముందుకు సాగడం అతని వృత్తి. "కట్టెల సంగతి అలా ఉంచండి. ఈ గంటన్నరలో వండింది ఈయన కాదు, ఈయన కూతురు. తండ్రి ఓటు నిలబెట్టడానికి ఎదురింటి నుంచి వచ్చి గుట్టుగా వండి వెళ్లింది. ఇది ప్రూడెన్స్ వంట!"

అందరూ ప్రూడెన్స్ వైపు చూశారు. ఆమె అవునంటే చాలు. తండ్రి ఓటు పోతుంది, రేపటి నుంచి ఆమె ఇంట్లో, ఆమె కళ్లెదుట, వేళకు తిని పడుకుంటాడు. పదకొండు నెలలుగా ఆమె కోరుకున్నది అదే. జోసయా తలెత్తలేదు.

"ఏదీ, రుచి చూడనీ," అని ప్రూడెన్స్ గరిటె అందుకుని ఒక్క బొట్టు నాలుక మీద వేసుకుంది. ఆమె ముఖం మొదట ముడుచుకుంది, తర్వాత ఎర్రబడింది.

"ఇది నా వంటా?" అంది లాయరు మీదికి వెళ్తూ. "ఇది నేను వండానా? పద్నాలుగేళ్లుగా ఈ వీధిలో వండుతున్నాను, మా పంది కూడా ఒక్కనాడు మొహం తిప్పుకోలేదు. నలుగురిలో నా వంటకి ఇంత మాట అంటావా? తిను! తిని మళ్లీ అను!"

గరిటె ఫేన్ నోట్లోకి వెళ్లింది. లాయరు మాట్లాడటానికి ప్రయత్నించి, మానుకుని, గోడ పట్టుకున్నాడు.

బడ్జ్ తన విధి ప్రకారం ఒక చెంచా తీసుకున్నాడు. దొరవారు, ఓటరు వంటను మెచ్చుకోవడం పోటీదారు ధర్మం కాబట్టి, గిన్నెడు అడిగి పుచ్చుకున్నారు. సగంలో ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఊరంతా వినేలా, "నా గౌరవం మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. దీన్ని ఈ మనిషే స్వయంగా వండాడు. వంట తెలిసిన వాళ్లెవరూ దీన్ని ముట్టుకోలేదు," అన్నారు.

బడ్జ్ నోరు కడుక్కుని తీర్పు చెప్పాడు. "పొయ్యి టాప్‌స్కాట్‌ది. కుండ టాప్‌స్కాట్‌ది. ఇలాంటిది ఇంకొకరి చేత చేయించడం సాధ్యం కాదు. ఓటు చెల్లుతుంది. ఇక్కడే తీసుకుంటాను, టైము లేదు. చెప్పు జోసయా, ఎవరికి?"

దొరవారు మసి కోటు సర్దుకుని ముందుకు వచ్చారు. జోసయా ఏప్రాన్‌కు చేతులు తుడుచుకున్నాడు.

"దొరా, ఏమనుకోకండి. మా నాన్న మీ నాన్నకి వేశాడు. కానీ నా ఓటు ఇవాళ పొయ్యి మీద ఉంది. మీరు దాన్ని ఆర్పేశారు. కెప్టెన్ గారు వెలిగించారు." బడ్జ్ వైపు తిరిగి, "బెల్లమీ గారికి," అన్నాడు.

గంట పన్నెండు కొట్టింది. కెప్టెన్ బెల్లమీ ఒక్క ఓటుతో పార్లమెంటు సభ్యుడయ్యాడు. దొరవారి లాయరు అభ్యంతరం చెప్పబోయాడు కానీ, ఇంతకుముందే దొరవారు ప్రమాణం చేసి ఉన్నారు. గెలిచిన పక్షం లాయరు ఫేన్ మాత్రం ఆ ఓటు చెల్లకుండా చేయడానికి తాను రాసిన నాలుగు కాగితాలనూ ఎవరూ చూడకుండా పొయ్యిలో వేశాడు.

కెప్టెన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద ఊరేగిస్తున్న కేకలు వీధి చివర వినిపిస్తున్నాయి. ఇంట్లో తండ్రీ కూతుళ్లు మిగిలారు. జోసయా ఆ ఉదయం మొదటిసారిగా తన వంట రుచి చూశాడు.

"అమ్మ వేసే ఆకే వేశానే, ప్రూ."

"అది మాచిపత్రి నాన్నా. ఉన్ని బట్టలకి పురుగు పట్టకుండా కట్టింది."

జోసయా గరిటె కింద పెట్టాడు. ప్రూడెన్స్ తన తల్లి కుర్చీని పొయ్యి దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఇల్లు వదలవుగా?"

"ఓటు పోతేనేగా వస్తానన్నది. నిలిచిందిగా."

"అయితే కుండ కడుగు. మళ్లీ ఎన్నిక వస్తుంది, ఆ లాయరూ వస్తాడు. నేను గరిటె ముట్టుకోను. ఇక్కడ కూచుని చెబుతాను, నువ్వు చెయ్యి. ముందు, ఎన్ని పోయాలి?"

"కుండకు పట్టినన్ని?"

"దోసెడు, నాన్నా. దోసెడు."

ఆ పార్లమెంటు మూడేళ్లు సాగింది. అది దేశానికి ఏం చేసిందో కూమ్‌బరీలో ఎవరూ చెప్పలేరు కానీ, రద్దయ్యే నాటికి జోసయాకు బఠానీలు వండటం మాత్రం వచ్చింది.