పదహారు రంగుల వంతెన

"ఇకమీదట మన శాఖలో ఫోటోలు బంద్!"

ప్రచార శాఖ మంత్రిగారు ఈ మాట ప్రకటించగానే విలేఖరులు కలాలు ఆపి తలలెత్తారు. మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "ఫోటోకి దూరదృష్టి లేదు. ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది. గ్రాఫిక్స్ అలా కాదు. ఉండబోయేది చూపిస్తుంది. ప్రజలకు కావలసింది ఉండబోయేదే!"

ఈ మాటలోని లోతు అందరికన్నా ముందు ఆఫీసు సూపరింటెండెంటమ్మకు అర్థమైంది. ఏటి మీద వంతెనకు మంత్రిగారు మూడుసార్లు శంకుస్థాపన చేశారు. మూడుసార్లూ ఫోటోల్లో రాయి పడింది గానీ వంతెన పడలేదు. తప్పు కెమెరాదేనని ఆవిడకు అప్పుడే అనుమానం.

"మరి కొత్త కంప్యూటర్లు కొంటారా సార్?" అని అడిగాడో విలేఖరి.

"ఉన్నవాటికేం రోగం? పాతవాళ్లను పక్కన పెట్టే పార్టీ కాదయ్యా మాది!"

వెనక వరసలో కూర్చున్న పార్టీ వృద్ధులు కళ్లు తుడుచుకున్నారు.

సాఫ్ట్‌వేర్ పెట్టెను మంత్రిగారి బావమరిది స్వయంగా మోసుకొచ్చాడు. నిండా ఫ్లాపీలు. ఆ కుటుంబంలో మొట్టమొదట వీడియో గేమ్ కొన్నది ఆయనే కనక కంప్యూటర్ సలహాదారు పదవి వెతుక్కుంటూ వెళ్లి ఆయన్నే వరించింది.

"వంతెన బొమ్మ తెరమీద కనబడాలి మేడం. కనబడితే మీరు ఆఫీసరు. కనబడకపోతే..." అని సూపరింటెండెంటమ్మ వైపు చూశాడు.

"పాత ఫైళ్ల గదికా బాబూ?"

"ఆ మాట నేననలేదు. మీరే అన్నారు."

సూపరింటెండెంటమ్మ కంటే వెనక చేరినవాళ్లు ఆఫీసర్లయి, రిటైరై, మనవలను ఎత్తుకుంటున్నారు. ఆవిడ మాత్రం ఆ కుర్చీలోనే ఉంది. అందుకే కొంగు బిగించి, ఫ్లాపీలను ఒక్కొక్కటిగా యంత్రం నోట్లో పెట్టింది. మారాం చేసే పిల్లాడు ముద్ద మింగినట్టు అది గరగరలాడుతూ అన్నీ మింగి, ఆఖర్న తెరమీద ఒక్క ముక్క కక్కింది: మెమరీ చాలదు.

పెట్టె మీద ఎనిమిది మెగాబైట్ల మెమరీ కావాలని రాసుంది. యంత్రంలో ఉన్నది నాలుగు.

ఆవిడ పంపిన నోటు చూసి సెక్రటరీగారు మొహం చిట్లించారు. "మంత్రిగారి కార్యక్రమంలో 'చాలదు' ఏమిటమ్మా? 'ఇంకా చోటుంది' అని రాయలేరూ?"

మంత్రిగారు మాత్రం చలించలేదు. "నాలుగూ నాలుగూ ఎంత?"

"ఎనిమిది సార్."

"పక్క కంప్యూటర్లోది పీకి ఇందులో పెట్టండి. ఈ మాత్రం తట్టలేదా?"

ఆవిడ పిలిపించిన కంప్యూటర్ మెకానిక్ నోరెళ్లబెట్టాడు. ఆ ఉపాయం నిజంగానే పనిచేస్తుంది. మంత్రిగారి నోట అలాంటిది రావడం అదే మొదలు కావడంతో సెక్రటరీగారు తేదీ, టైమూ రాసుకున్నారు.

పక్క కంప్యూటరు పింఛన్ల విభాగానిది. మెమరీ ముక్కలు ఊడదీయగానే అది కీచుమని కూతలు పెట్టి మౌనవ్రతం పట్టింది. పింఛన్ల గుమాస్తా లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు.

"రేపు పెద్దవాళ్లంతా నా కిటికీ ముందు నిలబడతారండీ. వాళ్లకేం చెప్పను?"

"జ్ఞాపకం లేదని చెప్పు," అన్నాడు బావమరిది.

మరునాడు తెరమీద ఇంకో ముక్క వచ్చింది: డిస్‌ప్లే డ్రైవర్ దొరకలేదు. బావమరిది అది చదివి, మెకానిక్‌ను అడక్కుండా మంత్రిగారికి ఫోన్ చేశాడు. కాసేపటికి మంత్రిగారి కారు డ్రైవరు లోపలికొచ్చి సెల్యూట్ కొట్టాడు.

"బండెక్కడమ్మా?"

మెకానిక్ తల పట్టుకున్నాడు. "అయ్యా, డ్రైవరంటే మనిషి కాదు. తెరకీ యంత్రానికీ మాట కలిపే చిన్న ప్రోగ్రాం. నా కొట్లో ఉంది, తెస్తాను."

"తెచ్చుకో. కానీ ఈ డ్రైవరును వెయ్యమని మంత్రిగారి ఉత్తర్వు వెలువడింది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే పరువేం కాను?" అన్నాడు బావమరిది.

కారు డ్రైవరు తెర ముందు స్టూలు మీద కూర్చున్నాడు. మెకానిక్ ఫ్లాపీ తెచ్చి ఎక్కించాడు. తెర వెలిగింది. "మనోడి చెయ్యి పడగానే కదిలింది!" అని బావమరిది చప్పట్లు కొట్టాడు. పేపర్లో కారు డ్రైవరు బొమ్మ పడింది. మెకానిక్ మోచెయ్యి కూడా పడింది.

ఇక రంగులు. ఆ ముసలి కంప్యూటరుకు వచ్చినవి పదహారే. పార్టీ రంగు నారింజ. ఆ పదహారింట్లో నారింజ లేదు. దగ్గర చుట్టాలని చూస్తే ఎరుపూ, ఇటుక రంగూ ఉన్నాయి. ఎరుపు ప్రతిపక్షానిది. సూపరింటెండెంటమ్మ గుండె చిక్కబట్టుకుని, వంతెన మీది జెండాలన్నిటికీ ఇటుక రంగు వేసింది. తుప్పు పట్టిన రేకుల్లా తయారయ్యాయి. వంతెన ముందు నిలబెట్టిన మంత్రిగారి మొహానికి ఏ రంగు వేసినా ఒప్పక, చివరికి పసుపు దగ్గర ఆగింది.

మంత్రిగారు తెరను చాలాసేపు చూశారు. ఆవిడకు పాత ఫైళ్ల గది బూజు వాసన వచ్చేసింది.

"నాకు పచ్చకామెర్లా?"

"పసిమి ఛాయ సార్!" అన్నారు సెక్రటరీగారు చటుక్కున.

"సరే. జెండా?"

సూపరింటెండెంటమ్మ పదహారు రంగుల పట్టీని తెరమీద చూపించింది. మంత్రిగారు ఆలోచించి పార్టీ కార్యవర్గాన్ని పిలిపించారు. ఇటుక రంగు శ్రమకు చిహ్నమనీ, నారింజ మొదట్నుంచీ పొరపాటనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. సాయంత్రానికల్లా ఊళ్లో గోడలన్నీ ఇటుక రంగుకు తిరిగాయి. కొన్ని గోడలు అంతకుముందు ఇటుకలే. వాటికీ వేశారు.

ఇంటికెళ్లిన సూపరింటెండెంటమ్మ ఆనందం పట్టలేక అన్నం వడ్డిస్తూ మొగుడితో అంది: "వంతెన ఎంత బాగా వచ్చిందనుకున్నారు! కమ్మీలు కూడా ఒక్కొక్కటీ నేనే వేశాను."

"మనుషులు నడవొచ్చా?" అన్నాడాయన, పేపర్లోంచి తలెత్తకుండా.

"మీకెప్పుడూ వంకలే."

ప్రారంభోత్సవం రోజున ఆఫీసు హాలు కిటకిటలాడింది. తెరకు అడ్డంగా రిబ్బను కట్టారు. మంత్రిగారు కత్తిరించారు. యంత్రం మూలిగి, బొమ్మను పైనుంచి గీతగీతగా దించడం మొదలుపెట్టింది. ఆకాశం రాగానే చప్పట్లు. మంత్రిగారి జుట్టు రాగానే ఈలలు. నడుము వచ్చేసరికి పార్టీ వృద్ధులు ఇద్దరు కునుకు తీశారు. వంతెన పూర్తయ్యేసరికి అందరూ లేచి నిలబడ్డారు. కట్టకడపట అడుగున నీళ్లు వచ్చాయి.

సెక్రటరీగారు కాగితం విప్పి చదివారు. "వంతెన అందుబాటులోకి వచ్చిన శుభ సందర్భంగా, ఏటి మీద సర్కారు పడవను ఈ ఉదయం నుంచి రద్దు చేయడమైనది. ఈ విజయానికి కారకులైన సూపరింటెండెంటు గారికి ఆఫీసరుగా పదోన్నతి ఇవ్వడమైనది."

చప్పట్లు మోగాయి. సూపరింటెండెంటమ్మ కూడా కొట్టింది. మొదటి వాక్యం ఆవిడ చెవికి ఆలస్యంగా చేరింది. చేతులు మధ్యలో ఆగిపోయాయి.

అప్పుడే తలుపు దగ్గర గొడవ. కాపలావాడిని తోసుకుని ఒక ముసలావిడ లోపలికొచ్చింది. చేతిలో బరువైన సంచి. అందులోంచి మందు సీసా మూత, బియ్యం మూట కనబడుతున్నాయి.

"పడవవాడు తాళం వేసుకుని పోయాడమ్మా. వంతెన మీద పొమ్మన్నాడు. ఏదీ అంటే ఈ ఆఫీసులో ఉందన్నారు. మా ఇల్లు అవతలొడ్డున."

"రా అవ్వా, కళ్లారా చూడు!" అన్నారు మంత్రిగారు.

ముసలావిడ తెర దగ్గరికి వంగి, ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. "బాగుంది నాయనా." తర్వాత మౌస్ పట్టుకున్న సూపరింటెండెంటమ్మ వైపు తిరిగింది. "నన్ను కూడా అందులో వెయ్యి తల్లీ. అవతల పక్కన వెయ్యి. పొద్దుపోతోంది, ఇంటి దగ్గర మా ఆయన మందు కోసం చూస్తుంటాడు."

విలేఖరులు ముందుకు తోసుకొచ్చారు. సూపరింటెండెంటమ్మ మంత్రిగారి వైపు చూసింది. మంత్రిగారు తల ఊపారు. ఆవిడ అవతలొడ్డున, ఇటుక రంగులో ఒక చిన్న మనిషిని గీసింది. కుడిచేతిలో సంచి పెట్టింది.

మంత్రిగారు కళ్లద్దాలు సర్దుకుని చూశారు. "అలా ఊరికే నిలబెట్టేస్తే ఎలాగమ్మా? నాకు దండం పెడుతున్నట్టు మార్చండి. రెండు చేతులూ జోడించి."

ముసలావిడ తెరమీది తనను పరీక్షగా చూసుకుంది.

"రెండు చేతులూ జోడిస్తే, సంచి ఎవరు మోస్తారు బాబూ?"