పేరు చాలు, సాక్ష్యమెందుకు!

ఈ దేశంలో పోలీసులకు జీతాలిచ్చుడు దండగ అంటాను నేను. కోపం తెచ్చుకోకండి. ఎక్కడో ఎవడో ఎవరినో కత్తితో పొడిచాడనుకోండి. దెబ్బ తిన్న మనిషి ఆసుపత్రికి చేరకముందే, పొడిచినవాడిది ఏ మతమో మా సూరత్ ఖటోదరా గల్లీలో తేలిపోతుంది!

ఎట్లాగంటారా? వాట్సాప్!

మొన్న ఏదో ఊరి బజారులో కత్తిపోట్లు జరిగాయి. టిఫిను ప్లేటులో లోచో చల్లారకముందే నేను దర్యాప్తు ముగించాను. పొడిచినవాడు మొహానికి గుడ్డ కట్టుకున్నాడు. అయితేనేం? ఆ ముడి చూసి వాడి ముత్తాత పేరు కూడా చెప్పేశాను! గాయపడ్డవాళ్ల కోసం ఏడవలేదా అంటారా? టైమెక్కడిదండీ, ఫార్వర్డ్ చేయొద్దూ!

"అసొంటి పేర్లున్నోళ్లకు గదులు కిరాయికి ఇయ్యొద్దు" అని టీకొట్టు దగ్గర ఉపన్యాసం కూడా దంచాను. మా ఇంటి ఓనరు శేఠ్ తలూపుతూ విన్నాడు.

సరిగ్గా అప్పుడే మిల్లులో నాతోపాటు మగ్గం నడిపే బుచ్చిరాములు రోడ్డవతల నుంచి కేకేశాడు. "ఓ ఉసేనన్నా! గీడున్నవా? మిల్లుల పిలుస్తుండ్రు, రా!"

శేఠ్ తల ఆగింది. ఇన్నేళ్లుగా ఆయనకు నేను ఉత్త 'కాకా'ను.

"ఉసేన్? కాకా, తుమ్?"

చెప్పాను. మా అమ్మకు పిల్లలు దక్కకపోతే ఊళ్లో పీరుకు మొక్కుకుందనీ, నేను బతికితే ఉసేనయ్య అని పెట్టిందనీ, మా తెలంగాణ పల్లెల్లో హిందువుల ఇండ్లలో ఇసొంటి పేర్లు బోలెడనీ. నా హిందీలో వింటే నాకే నమ్మబుద్ధి కాలేదు!

"శామ్ తక్ రూమ్ ఖాలీ కరో" అన్నాడు శేఠ్.

సాయంత్రానికల్లా గది ఖాళీ చేయాలట! ఇంకేం చేస్తాను? నడిబజార్లో చొక్కా విప్పి, మా పద్మశాలి జంధ్యం బయటికి లాగాను. "దేఖో శేఠ్, అసలు మాల్!"

"చెమటకు రంగు మారింది గని ఒరిజినలే శేఠ్" అని బుచ్చిరాములు గ్యారంటీ ఇచ్చాడు, నవ్వాపుకుంటూ.

గది నాకు దక్కింది. కానీ శేఠ్ కోపం మిగిలిపోయింది పాపం, దాన్ని ఎక్కడో ఒకచోట దించాలి గదా! మా పక్క గది యాసీన్ మీద దించాడు. యాసీన్ మా జగిత్యాల పిల్లగాడే. టీ తాగుదామని వచ్చాడంతే.

"తూ ఖాలీ కర్."

"నేనేం జేసిన శేఠ్?" అన్నాడు తెలుగులోనే. చొక్కా విప్పి చూపడానికి వాడి దగ్గర ఏముంది? ఎవర్నీ పొడవలేదన్న ముచ్చట తప్ప! అది సాక్ష్యం కిందికి రాదని తేల్చింది నేనే కదా.

"కాకా, జర నువ్వన్న చెప్పరాదే" అని నా వైపు చూశాడు.

చెబుదామనే అనుకున్నాను. మీ మీద ఒట్టు. కానీ అప్పుడు నేను చొక్కా గుండీలు పెట్టుకునే పనిలో ఉన్నాను.