లేనివాళ్ల కౌంటర్

చనిపోయారని బ్లాక్‌చెయిన్‌లో నమోదైనా ఇంకా తిరుగుతున్న మనుషులకు, మీరు లేరని నచ్చజెప్పడానికి రాయదుర్గంలోని ఒక కంపెనీ ఆ ఏడాది తత్వశాస్త్రం చదివినవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకుంది. మొదట ఇంజనీర్లను పెట్టి చూశారు. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి వాళ్లు తడబడ్డారు. లాయర్లను పెడితే వాదన పెరిగింది తప్ప ఒక్కడూ ఇంటికి వెళ్లలేదు. ఎదుటి మనిషి ఉన్నాడా లేడా అని ఏళ్ల తరబడి తీరిగ్గా ఆలోచించిన అనుభవం ఫిలాసఫీ వాళ్లకు తప్ప ఇంకెవరికి ఉంటుంది?

బ్లాక్‌చెయిన్‌ను జనం గొలుసు అనేవారు. దానికి యజమాని లేడు, హెడ్డాఫీసు లేదు. దేశదేశాల్లో ఉన్న కంప్యూటర్లు ఒక సంగతికి సరేనంటే అది గొలుసులోకి ఎక్కుతుంది. ఎక్కింది ఇక దిగదు. తలరాత కూడా ఇంత గట్టిగా ఉండదని పెద్దవాళ్లు దానికి చేతులు జోడించేవారు. చనిపోయినట్టు ఎక్కినవాళ్లకు ఆ సాయంత్రం నుంచే నీడ పడటం మానేసింది. ఎండ కూడా ఈ ఒప్పందంలో చేరిందని తెలిసి ఊరంతా నోరు తెరిచింది. తర్వాత అలవాటు పడింది.

వేముల నీలవేణి ఫిలాసఫీలో ఎం.ఏ. చేసి, "అది చదివితే ఏమొస్తది?" అనే చుట్టాలకు జడిసి పెళ్లిళ్లకు వెళ్లడం మానేసిన పిల్ల. ఇంటర్వ్యూలో "మీరు ఉన్నారని ఎలా చెప్పగలరు?" అని అడిగితే మిగతావాళ్లు ఆధార్ కార్డులు తీశారు. ఆమె "చెప్పలేను" అంది. అక్కడికక్కడే తీసుకున్నారు. మొదటి మనిషిని ఒప్పించి పంపితే ఉద్యోగం ఖాయమన్నారు.

ఆ మొదటి మనిషి బొద్దుల కనకలింగం. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పింఛనుదార్లు ఏటా వేలిముద్ర వేసి తాము బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి కదా. స్పానర్లు పట్టీ పట్టీ ఆయన వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషన్ ముద్ర పట్టలేదు. కంప్యూటర్లన్నీ ఏకగ్రీవంగా ఆయన లేడన్నాయి.

"పింఛన్ పోతే పోనీ బిడ్డా," అన్నాడు కనకలింగం ఆమె కౌంటర్ ముందు కుర్చీ అంచున కూర్చుని. "మా ఇంటామె కౌసల్యను వితంతు పింఛనుకు రమ్మన్నరు. బొట్టు ఉంటే ఆ కెమెరా ఫొటో పట్టుకుంటలేదట. తీసి రమ్మంటున్నరు. నేను ముంగట కూసోని ఉండంగ ఆమె బొట్టెట్ల తీస్తది? నేనున్ననని రాయి. గంతే."

నీలవేణికి రాయాలనే ఉంది. కానీ గొలుసులో మనుషులు రాయలేరు. ఆమె చేతిలో ఉన్నది వివరించడం ఒక్కటే.

"పెద్దయ్యా, మీ డిపోల ఒక బస్సుకు ఇంజన్ మార్చిండ్రు, టైర్లు మార్చిండ్రు, బాడీ కూడ కొత్తది కట్టిండ్రు అనుకోండి. అది పాత బస్సేనా?"

"పాతదే. నంబర్ అదే గద! రికార్డుల ఉన్నదే బస్సు." ఇంత సులువైన ప్రశ్నా అన్నట్టు ఆయన నవ్వాడు.

"మరి మంచిగ నడిచే బస్సును రికార్డుల కండెం అని రాసి కొట్టేస్తే?"

"ఇగ అది బస్సెట్లయితది? స్టార్టయినా గేటు దాటనియ్యం. ఒకపాలి నేనే ఆపిన..." అని మధ్యలో ఆగిపోయాడు.

తన చేతులు చూసుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు, ఏడుపు రాలేదు. మొదటిసారి సముద్రం చూసినవాడిలా కళ్లు పెద్దవి చేశాడు.

"ఎంతమంది ఒప్పుకున్నరు బిడ్డా?"

"అందరు, పెద్దయ్యా. అమెరికా నుంచి జపాన్ దాక."

"నన్ను ఎన్నడు సూడనోళ్లు గూడ?"

"చూడకుండనే ఒప్పుకున్నరు."

"అబ్బ!" అని రెండు చేతులూ జోడించాడు. "బతికున్నన్ని రోజులు నా గురించి ఇద్దరు మనుషులు ఒక్క మాట మీద నిలవడలేదు."

తను చదువుకున్న చదువు ఒక మనిషిని ఇంత లోతుగా తాకడం నీలవేణి ఎన్నడూ చూడలేదు. స్క్రీన్ మీద ఆమె ఉద్యోగం ఖాయమైనట్టు వచ్చింది. ఇంటికి మనిషిని పంపి మీ ఆమెకు చెప్పించమంటారా అని ఆయన్ను అడిగింది.

"వద్దు. బయటోళ్లు చెప్తే కౌసల్య నమ్మది. నేను చెప్తెనే నమ్ముతది."

ఇంటికి వెళ్లి భార్యకు బస్సు సంగతంతా చెప్పాడు. ఆమెకు బస్సు అర్థం కాలేదు.

"గిట్ల నా ముంగట కూసోని, లేనంటవేంది?"

"లోకమంత ఒప్పుకున్నది కౌసల్యా. నేనొక్కణ్ణి కాదంటే ఏం బాగుంటది?"

నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెతో అబద్ధం ఆడింది లేదు.

"నాకు చెయ్యి వస్తలేదు," అంది. "నువ్వే తుడువు."

కనకలింగం తువ్వాలు కొస తడిపి, నొప్పి పుట్టకుండా మెల్లగా తుడిచాడు. మర్నాడు ఆమెను పింఛను ఆఫీసుకు తీసుకెళ్లి, క్యూలో నిలబెట్టి, మంచినీళ్లు తెచ్చిచ్చింది కూడా ఆయనే. ఫొటో మొదటిసారికే దిగింది. బాగొచ్చిందన్నాడు.