ఫిల్మ్‌నగర్ తీర్పు స్తూపం

దేశ అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పును తలదాలుస్తామని, అది చాలదు కాబట్టి దానికో స్తూపం కూడా కట్టిస్తామని న్యాయ, ఐటీ శాఖల మంత్రి పృథ్వీరాజ్ గారు జూబ్లీహిల్స్‌లోని తమ స్వగృహంలో ప్రకటించారు. తాను ఓడిపోయిన కేసు తీర్పుకు స్తూపం కట్టించే మంత్రి మరో రాష్ట్రంలో ఉంటే చెప్పండి.

తీర్పు సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. కృష్ణానగర్‌లో నాది జిరాక్స్ షాపు. ఆ కేసు కాగితాలన్నీ నా మిషన్‌లోంచి వెళ్లినవే.

ఫిల్మ్‌నగర్ వెనక గుట్ట మీద నలభై రెండు కుటుంబాలు రాళ్లు కొట్టుకుని బతికేవి. జూబ్లీహిల్స్ బంగళాల పునాదుల్లో వాళ్లు కొట్టని రాయి లేదు. సాఫ్ట్‌వేర్ పార్కు వస్తోందని మంత్రిగారు వాళ్లను ఖాళీ చేయించారు. గుడిసెలు పోయాయి, పార్కు రాలేదు. అందరూ బోరబండలో కిరాయి గదులకు చేరారు. వాళ్లలో శకుంతలమ్మ అనే ఆవిడ మాత్రం ఊరుకోలేదు. లాయరు త్రిపురసుందరి గారిని పట్టుకుని, ఆరేళ్లు తిరిగి, కేసును ఢిల్లీదాకా లాక్కెళ్లింది.

అక్కడ సర్కారు లాయరు, గుట్ట మీద మనుషులెవరూ ఉండేవారు కాదని, ఉన్నవి బండలేనని వాదించాడట.

"బండలకు రేషన్ కార్డులు ఎవరిచ్చారు?" అని జడ్జిగారు అడిగారట.

లాయరు వాయిదా కోరాడు. జడ్జీలు ఇవ్వలేదు. మూడు నెలల్లో భూమి తిరిగి అప్పగించమన్నారు.

ఆ తీర్పు కాపీలు తీయించడానికి శకుంతలమ్మ, లాయరు గారు నా షాపుకు వచ్చారు.

"జడ్జిసాబులు ఎప్పుడొస్తరమ్మా, మమ్మల్ని గాడ దిగబెట్టనీకి?" అని అడిగింది శకుంతలమ్మ.

"వాళ్లు రారు. వాళ్లది చెప్పే బాధ్యత. ఆ కోర్టుకు సొంత పోలీసులు లేరు. చేయాల్సింది సర్కారు."

"మనం కేసేసింది సర్కారు మీదనే గదమ్మా?"

త్రిపురసుందరి గారు సంచిలో పెన్ను వెతుక్కున్నారు.

సర్కారు వెంటనే పనిలోకి దిగింది. గుట్ట మధ్యలో నల్లరాతి స్తూపం, చుట్టూ పచ్చిక, పచ్చిక చుట్టూ ప్రహరీ. నమూనా గీసింది ఓ పేరున్న ఆర్ట్ డైరెక్టర్. మంత్రిగారు మిట్టమధ్యాహ్నం ఎండలో పవర్‌పాయింట్ ప్రదర్శన ఇచ్చారు. తెర మీద ఏమీ కనబడకపోయినా అధికారులందరూ నోట్సు రాసుకున్నారు.

రాతి మీద తీర్పు చెక్కే పని శకుంతలమ్మ భర్త జంగయ్యకే దొరికింది. గుట్ట మీద రాళ్లు కొట్టినవాళ్లలో అక్షరం గీసిస్తే అచ్చంగా దించగలవాడు అతనొక్కడే. చదవడం మాత్రం రాదు. ఒకరోజు నేను చూడబోతే, ఆ వరుసలో ఏముందో చెప్పమన్నాడు. 'ఈ భూమిని వారికే అప్పగించవలెను' అని చదివాను. అతను ఉలికి పదును పెట్టుకున్నాడు.

"గీ అక్షరాలు జర లోతుగ కొడత" అన్నాడు.

ప్రారంభోత్సవం రోజున శకుంతలమ్మ మంత్రిగారికి దండం పెట్టి, గుడిసెలు ఎక్కడ వేసుకోమంటారని అడిగింది. ఆయన కళ్లు చెమర్చాయి.

"స్తూపం కదిపితే కోర్టు ధిక్కారం అవుతుందమ్మా. ఆ పాపం నాచేత చేయించకండి."

ఆయన ఆమెను ఉత్తచేతులతో పంపలేదు. నలభై రెండు కుటుంబాలకూ అక్కడే ఊడ్చే పని, నీళ్లు పోసే పని ఇప్పించారు. పొద్దున ఎనిమిదికి లోపలికి, సాయంత్రం ఆరుకు విజిల్, బయటికి. హాజరు పట్టీలో రోజూ వేలిముద్ర.

మూడు నెలల గడువు దాటగానే త్రిపురసుందరి గారు ధిక్కార పిటిషన్ వేశారు. దానికి ప్రభుత్వం దాఖలు చేసిన జవాబు చదివితే ఎంతటివాడికైనా గౌరవం కలుగుతుంది. పిటిషనర్లందరూ ప్రతిరోజూ సదరు భూమి మీదనే ఉంటున్నారని, సాయంత్రం తమ ఇష్టప్రకారం షికారుకు వెళ్తున్నారని, రుజువుగా వేలిముద్రలు జతచేశామని అందులో ఉంది.

త్రిపురసుందరి గారు అది శకుంతలమ్మకు చదివి వినిపించారు.

మర్నాడు సాయంత్రం విజిల్ ఊదితే అందరూ లేచారు, శకుంతలమ్మ లేవలేదు. స్తూపం పక్కన మూడు రాళ్లు పెట్టి, పొయ్యి రాజేసి, అన్నం వండింది. నల్లరాతికి పొగ తగిలింది. ఉడికిన అన్నం ఆమె, జంగయ్య తిన్నాక పోలీసు జీపు వచ్చింది. అత్యున్నత న్యాయస్థానం తీర్పును అవమానించిందని కేసు కట్టారు.

ఆ కేసు కాగితం కాపీ కోసం నా దగ్గరికే వచ్చింది. ఉండేదెక్కడని ఎస్సై అడిగితే ఆమె ఏం చెప్పిందో అదే రాసుకున్నారు. నేరస్థలం: తీర్పు స్తూపం, ఫిల్మ్‌నగర్ గుట్ట. నిందితురాలి నివాసం: తీర్పు స్తూపం, ఫిల్మ్‌నగర్ గుట్ట. కింద సర్కారు ముద్ర.

త్రిపురసుందరి గారు దాన్ని రెండుసార్లు చదివారు.

"ఢిల్లీకి పంపాలి. ముద్ర స్పష్టంగా పడేట్టు తీయండి" అన్నారు.